కల్లంలో పసుపు, కొట్టంలో దుడ్డె



ఆర్మూరులో, పెర్కిట్‌లో, మామిడిపల్లిలో, అంకాపూర్‌లో, బాల్కొండ వైపు ఊళ్లలో రేడియో పెట్టుకుని కూర్చున్న అక్కలకు, అన్నలకు నమస్కారం. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ వింటున్న చెల్లెళ్లకు నమస్కారం. చేన్లో మంద పక్కన గొంగడి కప్పుకుని, చెవి దగ్గర చిన్న రేడియో పెట్టుకున్న కాకలకు కూడా నమస్కారం.

ఇవాళ చలి గురించి మాట్లాడుకుందాం. మన చలి గురించి కాదు. మనకు రగ్గు ఉంది, వేసుకోవడానికి తలుపు ఉంది, పొద్దున్నే వేడి వేడి చాయ్ ఉంది. బయట గుంజకు కట్టేసి ఉన్న బర్రె, దాని పక్కన ముడుచుకున్న దుడ్డె, కొట్టంలో మేకపిల్ల, గంప కింద కోడిపిల్ల. వాటి చలి గురించి.

ఒక్క రాత్రిని కళ్ల ముందుకు తెచ్చుకోండి. జనవరి నెల. పసుపు తవ్వారు. ఉడకబెట్టారు. కల్లంలో ఆరబోశారు. పొద్దు గుంకింది. ఆర్మూరు సిద్ధుల గుట్ట మీది నల్లరాళ్లు పగలంతా తాగిన ఎండను మెల్లగా విడిచిపెడుతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. చుక్కలు గుత్తులు గుత్తులుగా కనబడుతున్నాయి. మబ్బు లేని అలాంటి రాత్రే మంచు ఎక్కువ పడుతుంది. ఇది మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు రైతు ఏం చేస్తాడు? ఆరబోసిన పసుపును కుప్ప చేస్తాడు. మీద తాటిపత్రి కప్పుతాడు. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతాడు. ఎందుకు? మంచు పడితే పసుపు కొమ్ము తడుస్తుంది. తడిస్తే రంగు చెడుతుంది, బూజు పడుతుంది. తొమ్మిది నెలల కష్టం మార్కెట్ యార్డులో ధర దగ్గర తేలిపోతుంది. అందుకని నిద్ర మానుకుని కల్లంలోనే పడుకుంటాడు.

అదే కల్లం పక్కన, నాలుగు అడుగుల దూరంలో, బర్రె కట్టేసి ఉంది. దాని పక్కన ఇరవై రోజుల దుడ్డె. కింద పెండ, మూత్రం కలిసి చిత్తడి అయిన నేల. పైన ఏమీ లేదు, ఆకాశమే. కొమ్ము మీద పడనివ్వని మంచు ఆ దుడ్డె వీపు మీద పడుతోంది.

ఈ మాట ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మా ఇంట్లోనూ అట్లాగే జరిగేది. పసుపును కాపాడుకునే తెలివి మన చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది. అదే తెలివిని నాలుగు అడుగులు పక్కకు జరిపితే చాలు. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

పసుపు విషయంలో మనం మూడు సంగతులు మరిచిపోం. నేల పొడిగా ఉండాలి. రాత్రి పైన కప్పు ఉండాలి. పొద్దున కప్పు తీసి గాలి, ఎండ తగలనివ్వాలి. మళ్లీ చెప్తున్నా. కింద పొడి. రాత్రి కప్పు. పొద్దున గాలి. పశువుకైనా, మేకకైనా, కోడిపిల్లకైనా చలికాలం దాటించేవి ఈ మూడే.

మనకేం చలి, ఇదేమన్నా కాశ్మీరా అని కొందరంటారు. నిజమే, మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు. కానీ గోదావరి దాటితే నిర్మల్, ఆ పైన ఆదిలాబాద్. తెలంగాణలో అందరికంటే ఎక్కువ వణికేది ఆ వైపే. ఉత్తరం నుంచి చలిగాలి దిగినప్పుడు మన దగ్గర కూడా కొన్ని రాత్రులు 10 డిగ్రీల కిందికి పోతుంది. పెద్ద బర్రెకు ఆ చలి లెక్క కాదు. దాని ఒళ్లు పెద్దది. కడుపులో మేత అరుగుతూ లోపల పొయ్యి మండినట్టు మండుతూనే ఉంటుంది. కానీ నిన్న పుట్టిన దుడ్డెకు ఆ పొయ్యి ఇంకా అంటుకోలేదు. దానికి 15 డిగ్రీలే చలి. 10 డిగ్రీలంటే ఇంకా కష్టం.

అయినా చలి ఒక్కటే వస్తే ఫర్వాలేదు. పొడి ఒంటితో, గాలి తగలని చోట పడుకున్న దుడ్డె చలిని ఓర్చుకుంటుంది. తడి ఒంటితో, గాలి కొట్టే చోట పడుకున్న దుడ్డె ఓర్చుకోలేదు. మీరే చూడండి. స్నానం చేసి తుడుచుకోకుండా గాలికి నిలబడండి. ఎండాకాలంలో కూడా వణుకు పుడుతుంది. తడి, గాలి రెండూ కలిసి ఒంట్లో వేడిని లాక్కుపోతాయి. అందుకే చలిని ఆపలేకపోయినా తడిని ఆపండి. గాలిని అడ్డుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాను. నా చిన్నతనంలో మాకు ఏడెనిమిది మేకలు ఉండేవి. ఒక ఏడు పుష్యమాసంలో చలి చాలా ముదిరింది. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దు కూడా ఉండదంటారు కదా, పగలు అంత చిన్నది, రాత్రి అంత పెద్దది. మేకపిల్లలు వణుకుతున్నాయని మా అమ్మ కొట్టానికి నాలుగు వైపులా తాటిపత్రి కట్టించింది. పై నుంచి కింద దాకా. చిన్న సందు కూడా లేకుండా. గాలి రాకూడదని నేనే అంచులకు మట్టి ఎత్తి పోశాను. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాం.

పొద్దున పత్రి తీస్తే లోపలి నుంచి ఆవిరి కొట్టింది. కళ్లు మండాయి. మూత్రం ఘాటు ముక్కులో గుచ్చుకుంది. పత్రి లోపలి వైపు నీటి చుక్కలు వరసగా కారుతున్నాయి. మేకల వెంట్రుకలన్నీ తడి. నాలుగు రోజులకు రెండు పిల్లలకు దగ్గు మొదలైంది. ముక్కు కారింది. ఆ పైన మేత ముట్టలేదు. వారం తిరక్కుండా ఆ రెండూ పోయాయి.

మా అమ్మ చాలా రోజులు బాధపడింది. చలి నుంచి కాపాడబోయి చంపుకున్నానే అని. ఆమెకు చలి సంగతి తెలుసు. గాలి సంగతి తెలియదు. నాకూ తెలియదు. పత్రి లోపల ఎనిమిది జీవాలు రాత్రంతా ఊపిరి విడుస్తాయి, మూత్రం పోస్తాయి. ఆ తడి బయటికి పోయే దారి లేకపోతే పైకప్పుకు తగిలి చల్లబడి మళ్లీ వాటి మీదే కురుస్తుంది. మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఊపిరితిత్తుల లోపలి పొరను కాలుస్తుంది. అలా కాలిన చోట న్యుమోనియా సులువుగా అంటుకుంటుంది.

అదే మా అమ్మ పసుపుకు అట్లా గాలాడకుండా బిగించి కడుతుందా? కట్టదు. పసుపు మీద పత్రి కప్పినా కొంచెం గాలి ఆడేట్టు చూస్తుంది. ఉక్కపోస్తే బూజు వస్తుందని ఆమెకు తెలుసు.

కాబట్టి కొట్టానికి పత్రి ఎట్లా కట్టాలి? జీవం నిలబడితే ఎంత ఎత్తు ఉంటుందో, అంత వరకు గాలికి అడ్డం ఉండాలి. దాని తల మీది నుంచి కప్పు దాకా ఒక జానెడో మూరెడో తెరిచి ఉండాలి. కింద మూత, పైన తెరుపు. మరోసారి చెప్తున్నా, కింద మూయండి, పైన వదలండి. ఉత్తరం వైపు, తూర్పు వైపు గట్టిగా కట్టండి, మన దగ్గర చలిగాలి ఎక్కువగా అటే వస్తుంది. పొద్దున ఎండ రాగానే పత్రి ఎత్తి కట్టేయండి. లోపల తడి ఆరిపోవాలి. కళ్లు మండేంత ఘాటు మీకు తగిలిందంటే అది మీకంటే జీవానికి ఎక్కువ తగులుతోందని తెలుసుకోండి. మీ ముక్కు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. మేకపిల్ల ముక్కు నేల మీద ఉంటుంది.

కొట్టం లేదు, గొడ్డును బయటే కట్టాలి అనే వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకో మాట. ఆరుబయట కట్టకండి, చెట్టు కింద కట్టండి. వేపచెట్టు, చింతచెట్టు, ఏదైనా సరే. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి, ఒంటిలోని వేడి నేరుగా ఆకాశానికి ఎగిరిపోతుంది. మధ్యలో ఒక కొమ్మల గొడుగు ఉంటే ఆ వేడి కొంత నిలుస్తుంది. చెట్టు కింద నేల మీద మంచు పడకపోవడం మీరు చూసే ఉంటారు. పల్లంలో కట్టకండి. చల్లగాలి బరువు, నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. వాగు ఒడ్డున, కాలువ పక్కన చలి ఎక్కువ. కొంచెం మెరక మీదికి తెచ్చి కట్టండి.

ఇప్పుడు నేల సంగతి. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పడుకున్న జీవం ఒంట్లో కొంత భాగం నేలకు ఆని ఉంటుంది. నేల తడిగా ఉంటే రాత్రంతా ఆ భాగం నుంచి వేడి కారిపోతూనే ఉంటుంది. మీద ఎన్ని కప్పినా లాభం లేదు. బండలు పరిచిన కొట్టమైతే మరీ చల్లన.

మన దగ్గర పరుపుకు కొదవ లేదు. వరి గడ్డి ఉంది. రైసుమిల్లు ఊక ఉంది. మక్క చొప్ప ముక్కలు ఉన్నాయి. జానెడు మందం పరిస్తే దుడ్డె అందులో మునిగి పడుకుంటుంది. మునగాలి కూడా. గడ్డి పోచల మధ్య గాలి ఇరుక్కుంటుంది. ఆ ఇరుక్కున్న గాలే దాని రగ్గు. పొద్దున తడిసిన గడ్డి తీసేసి పొడి గడ్డి వేయండి. తీసే ఓపిక లేని రోజు తడి మీదే ఇంకో పొర పొడిది వేయండి. పడుకునే పొర పొడిగా ఉండాలి, అంతే. పరుపు సరిపోయిందా లేదా అని ఎట్లా తెలుస్తుంది? మీరే మోకాళ్ల మీద కూర్చుని చూడండి. లేచాక మోకాలు తడిస్తే అది సరిపోలేదు.

ఇంకో దేశం సంగతి చెప్తాను, బాగుంటుంది. ఇంగ్లండు వైపు ఫెరెట్ అని ఒక చిన్న జంతువును పెంచుతారు. మన ముంగిసను చూసినట్టే ఉంటుంది, పొడుగు ఒళ్లు, పొట్టి కాళ్లు. కుందేళ్లను బొరియల నుంచి తరమడానికి వాళ్ల రైతులు దాన్ని ఎప్పటి నుంచో పెంచుతున్నారు. దాన్ని ఇంటి బయట చెక్క గూట్లో ఉంచుతారు. అక్కడ చలికాలంలో గిన్నెలో నీళ్లు రాయిలా గడ్డకడతాయి. అంత చలిలో అది ఎట్లా బతుకుతుంది? గూడు నేల మీద కాకుండా కాళ్ల మీద ఎత్తి పెడతారు. గాలి వచ్చే వైపు మూస్తారు. లోపల చిన్న పడకపెట్టె పెట్టి దాని నిండా గడ్డి కూరుతారు. గుడ్డ పెట్టడం కంటే గడ్డే మంచిదంటారు, గుడ్డ తడిస్తే తడి పట్టుకుని అట్లాగే చల్లగా ఉండిపోతుంది. ఎండు గడ్డి తడిని కిందికి వదిలి పైన పొడిగా ఉంటుంది. మేత కొంచెం ఎక్కువ పెడతారు. నీళ్లు గడ్డకట్టాయేమోనని రోజుకు రెండు మూడు సార్లు చూస్తారు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి ఆర్మూరు? అయినా చేసేది అదే. పొడి పరుపు, గాలికి అడ్డం, కడుపు నిండా మేత.

గోనె సంచుల మాట చెప్పకపోతే ఎట్లా? పసుపు పండే ఊళ్లో బార్దాన్‌కు కరువా? పాత బార్దాన్ సంచి ఒకటి తీసుకుని కుట్లు విప్పండి. దుడ్డె వీపు మీద కప్పి, పొట్ట కింద నుంచి రెండు తాళ్లతో వదులుగా కట్టండి. మెడ దగ్గర బిగించకండి. సంచి తడిస్తే వెంటనే తీసేయండి. తడి సంచి కంటే సంచి లేకపోవడం మేలు. పొద్దున ఎండలో ఆరేయండి, సాయంత్రం మళ్లీ కట్టండి. ఒక సంచి దుడ్డె మీద ఉంటే ఇంకో సంచి ఎండలో ఉండాలి. రెండు సంచులు చాలు, చలికాలం గడిచిపోతుంది.

ఇక అప్పుడే పుట్టిన పిల్లల సంగతి. ఇది జాగ్రత్తగా వినండి. ముఖ్యంగా ఇంటాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి, పసుపు పని, ఇంటి పని, బర్రె పని అన్నీ ఒంటిచేత్తో చేసుకుంటున్న అక్కలు వినండి. మన ఊళ్లలో రాత్రి రెండు గంటలకు బర్రె ఈనితే లాంతరు పట్టుకుని నిలబడేది మీరే.

పిల్ల పుట్టగానే తడి ముద్దలా ఉంటుంది. ఆ తడి ఆరకముందే చలి దాన్ని పట్టుకుంటుంది. తల్లి నాకుతుంది, నాకనివ్వండి. మీరు కూడా పొడి గోనెతోనో, గడ్డి చుట్టతోనో గట్టిగా రుద్దండి. రుద్దితే ఒళ్లు ఆరుతుంది, నెత్తురు పారుతుంది, ఊపిరి బాగా ఆడుతుంది. ముక్కులోని జిగురు తీసేయండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టండి. పసుపు మనకు బంగారమే, కానీ పచ్చి బొడ్డు మీద ఇంట్లోని పసుపు, బూడిద, పెండ ఏవీ వద్దు. అక్కడి నుంచే చీము లోపలికి ఎక్కుతుంది.

తర్వాత జున్నుపాలు. ఇక్కడ మన వాళ్లలో ఒక నమ్మకం ఉంది. మాయ పడేదాకా దుడ్డెను పొదుగు దగ్గరికి వదలరు. మాయ ఒక్కోసారి ఆరేడు గంటలకు పడుతుంది. అప్పటిదాకా చలిలో, ఖాళీ కడుపుతో దుడ్డె పడి ఉంటుంది. అక్కా, మాయ కోసం ఆగకండి. దుడ్డె పొదుగు చీకితేనే తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ తొందరగా పడుతుంది. పుట్టిన గంటలోపు, మహా అయితే రెండు గంటల్లోపు జున్నుపాలు దాని కడుపులో పడాలి. రోగాలను ఆపే శక్తి ఆ పాలలో ఉంది. దుడ్డె పేగు ఆ శక్తిని మొదటి రోజే లోపలికి తీసుకుంటుంది. గంట గంటకూ ఆ తలుపు మూసుకుంటూ వస్తుంది. 24 గంటలు దాటితే ఇక దాదాపు మూసుకున్నట్టే. జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచడం మన మర్యాద. పంచుకుందాం. దుడ్డె కడుపు నిండిన తర్వాత.

ఎంత తాగించాలి? దాని బరువులో పదో వంతు, మొదటి రోజు మొత్తానికి. 30 కిలోల దుడ్డెకు 3 లీటర్లు. ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లుగా.

ఒక్కోసారి తెల్లారి చూస్తే మేకపిల్లో గొర్రెపిల్లో మెడ వాల్చి, కళ్లు తేలేసి, చల్లగా పడి ఉంటుంది. కంగారులో మనం ఏం చేస్తాం? నోరు తెరిచి పాలు పోస్తాం. ఆగండి. ముందు మీ వేలు దాని నోట్లో పెట్టండి. నోరు వెచ్చగా ఉండి వేలు చీకితే పాలు పట్టవచ్చు. నోరు చల్లగా ఉంటే, తల నిలపలేకపోతే, పాలు పోయవద్దు. మింగే శక్తి లేని పిల్లకు పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబెట్టండి. పొడి గుడ్డలో చుట్టి మీ ఒంటికి ఆనించుకోండి. లేదంటే సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, దాని రెండు పక్కలా పెట్టండి. ఎండ వస్తే ఎండలో పడుకోబెట్టండి. నోరు వెచ్చబడి, తల ఎత్తిన తర్వాత గోరువెచ్చని పాలు. ముందు వేడి, తర్వాత పాలు. ఈ ఒక్క మాట గుర్తున్నా ఈ చలికాలం కొన్ని పిల్లలు బతుకుతాయి.

అంకాపూర్ పేరు చెబితే హైదరాబాదు వాళ్లకు నాటుకోడి కూర గుర్తొస్తుంది. నాకు మాత్రం గంప కింద కిచకిచలాడే పిల్లలు గుర్తొస్తాయి. తల్లికోడి ఉంటే మనం చేసేది తక్కువ. రెక్కల కింద దాచుకుంటుంది. గంపను బండ మీద పెట్టకుండా, ఊక పోసి దాని మీద పెట్టి, మీద గోనె కప్పితే చాలు. సగం కప్పండి, గాలి ఆడాలి.

తల్లి లేకుండా కొని తెచ్చిన పిల్లలతోనే చిక్కు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. వారం వారం మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. అక్కడ థర్మామీటర్ ఎవరు పెడతారు? పెట్టనక్కర్లేదు, పిల్లలే చెప్తాయి. అన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా పోయి నోరు తెరుచుకుని రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. అక్కడక్కడా పరుచుకుని గింజలు ఏరుకుంటూ తిరుగుతుంటే సరిపోయింది. ఇంకో సంగతి. ఇప్పుడు అందరిళ్లలో ఎల్ఈడీ బల్బులే. అవి వెలుగు ఇస్తాయి, వేడి దాదాపు ఇవ్వవు. పిల్లలకు వెలుగు పెట్టి వేడి పెట్టానని అనుకోకండి. పాత రకం 60 వాట్ల, 100 వాట్ల బల్బే కావాలి. దాన్ని గోనెకు, గడ్డికి తగలకుండా ఎత్తులో గట్టిగా కట్టండి.

నిప్పు మాట ఎట్లాగూ వచ్చింది. చలికి కొట్టంలో కుంపటి పెట్టకండి. మూసిన చోట బొగ్గుల కుంపటి నుంచి వాసన లేని విషవాయువు వస్తుంది. మనుషులను కూడా నిద్రలోనే తీసుకుపోతుంది. దోమలకు వేపాకు పొగ వేస్తారు కదా, అది సాయంత్రం పత్రి దించకముందు వేసి, పొగ పోయాక నిప్పు పూర్తిగా ఆర్పి, అప్పుడు పత్రి దించండి. ఎండు గడ్డి మధ్య నిప్పును వదిలి నిద్రపోవద్దు. కట్టేసిన గొడ్డు పారిపోలేదు.

ఇప్పుడు మంద దగ్గరున్న కాకలతో రెండు మాటలు. 2019లో పశువుల లెక్క తీసినప్పుడు దేశంలో అన్ని రాష్ట్రాల కంటే తెలంగాణలోనే గొర్రెలు ఎక్కువని తేలింది. 1 కోటి 90 లక్షలు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో లబ్ధిదారు ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. అప్పుడు పక్క రాష్ట్రాల నుంచి కూడా జీవాలు వచ్చాయి. మన పాత దక్కని గొర్రెకు ఒంటి మీద నల్లటి ఉన్ని ఉంటుంది. ఆ ఉన్నితోనే కురుమలు గొంగడి నేస్తారు. ఆ గొంగడి మీ భుజం మీద ఉంది. అదే గొర్రె ఒంటి మీద పుట్టుకతోనే ఉంది. ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెకు ఆ గొంగడి లేదు. అందుకని మందలో ఏది ఏ జాతో చూసుకుని, నున్నటి వెంట్రుకల వాటిని, వాటి పిల్లలను గాలి తగలని వైపు పడుకోబెట్టండి. దక్కని గొర్రెకు చలి ముదిరిన రోజుల్లో ఉన్ని కత్తిరించకండి.

చేన్లలో మంద పెట్టించే కాలం ఇది. రోజూ చోటు మారుస్తారు కాబట్టి నేల పొడిగానే ఉంటుంది, అది మీ పద్ధతిలోని మంచి. కానీ చేను ఏ మూల మెరకో చూసి అక్కడే వల కట్టండి. నీళ్లు పారించిన మడి పక్కన వద్దు. పొద్దున మంచు ఆరకముందు మేతకు విడవకండి. తడి గడ్డి కొసల మీద పురుగు పిల్లలు ఎక్కి కూర్చుంటాయి. గడ్డితో పాటు అవి కడుపులోకి పోతాయి. ఎండ ఎక్కి గడ్డి ఆరాక తోలండి. మన వైపు ఎర్రజొన్న చేన్లు ఎక్కువ. వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలు జీవాల నోట్లో పడనివ్వకండి. నాము తగిలితే నిలబడ్డ జీవం నిలబడ్డట్టే కూలుతుంది. ఇది మీకు నేను చెప్పేదేమీ కాదు. మంద కాయడం కొత్తగా నేర్చుకుంటున్న మీ పిల్లలకు చెప్పండి.

మేత సంగతి. చలికాలంలో మామూలు కంటే కొంచెం ఎక్కువ పెట్టండి. ఒంట్లో వేడి మేత నుంచే వస్తుంది. అందులోనూ ఎండు మేత. వరి గడ్డి, జొన్న చొప్ప కడుపులో పులిసి అరిగేటప్పుడు వేడి పుడుతుంది. పొద్దున పచ్చిమేత పెట్టినా రాత్రి పడుకునే ముందు ఎండు మేత పెట్టండి. రాత్రి వేసిన చొప్ప తెల్లవారుజామున, చలి అన్నిటికంటే గట్టిగా ఉండే వేళకు లోపల వేడి పుట్టిస్తూ ఉంటుంది. మన పొయ్యిలో రాత్రి పెట్టిన మొద్దు తెల్లారే దాకా రాజుకున్నట్టు.

నీళ్ల సంగతి మనం మరిచిపోతాం. చలికి దప్పిక ఉండదనుకుంటాం. రాత్రంతా తొట్టిలో ఉన్న నీళ్లు పొద్దున మంచులా ఉంటాయి. గొడ్డు మూతి పెట్టి తీసేస్తుంది. ఎండు మేత తిని నీళ్లు తాగకపోతే కడుపు కట్టేస్తుంది, పాలు తగ్గుతాయి. పొద్దున బోరు వేసి చూడండి, నీళ్లు పొగలు కక్కుతూ వెచ్చగా వస్తాయి. తొట్టిలోని పాత నీళ్లు పారబోసి ఆ నీళ్లు పట్టండి. ఖర్చు లేని వేడినీళ్లు అవి.

ఇంటి జీవాలు కాని వాటి గురించి కూడా ఒక మాట. వానలు పోయాక వీధి కుక్కలు ఈనుతాయి. పిల్లలు సరిగ్గా ఈ చలిలోనే పెరుగుతాయి. ఒక పాత అట్టపెట్టె, అందులో గడ్డి, మీ గోడ వారగా. అంత చాలు. ఆర్మూరు మీదుగా 44వ నంబరు హైవే పోతుంది. సరుకు ఎత్తుకునే లారీలు రాత్రి ఆగుతాయి. ఇంజను వేడికి పిల్లులు, కుక్కపిల్లలు బండి కిందికి, చక్రాల పక్కకు చేరతాయి. డ్రైవరన్నలు బండి తీసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, ఒకసారి వంగి కిందికి చూడండి.

ఎంత జాగ్రత్త పడినా రోగం రావచ్చు. దగ్గు, ముక్కు నుంచి చీమిడి, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరడం, మేత ముట్టకపోవడం. వీటిలో ఒకటి కనబడినా రేపు చూద్దాం అనుకోకండి. మీ ఊరి పశువైద్యశాలకు తీసుకుపోండి. కదల్లేని జీవమైతే 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు నంబరు అది. మళ్లీ చెప్తున్నా, ఒకటి, తొమ్మిది, ఆరు, రెండు. గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి, రాత్రి వేళ వెతుక్కోనక్కర్లేదు. గాలికుంటు టీకాలు ఊరికి వచ్చినప్పుడు చేను పని ఉందని మానకండి.

చివరగా మళ్లీ పసుపు దగ్గరికి వద్దాం. 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఎన్నో ఏళ్లు అడిగి తెచ్చుకున్నాం. పసుపుకు ఇంకా మంచి రోజులు రావాలని అందరం కోరుకుంటున్నాం. పసుపు పంట తొమ్మిది నెలలకు ఒకసారి డబ్బు ఇస్తుంది. మిగతా నెలలంతా పొద్దున చాయ్‌లో పాలు, పిల్లల బడి ఖర్చు, సంతలో కూరగాయలు కొట్టంలోని బర్రె నుంచే వస్తాయి. ఆ సంగతి ఇల్లు నడిపే అక్కకు తెలుసు.

ఈ ప్రసంగం అయిపోగానే ఒక పని చేయండి. లాంతరో, ఫోను లైటో తీసుకుని ఒక్కసారి కొట్టం దాకా పోయి రండి. దుడ్డె పడుకున్న చోట అరచేయి ఆనించి చూడండి. తడి తగిలితే ఒక మోపు గడ్డి వేయండి. దాని చెవి పట్టుకుని చూడండి, చల్లగా ఉంటే సంచి కప్పండి. కింద పొడి. రాత్రి కప్పు. పొద్దున గాలి.

రేపు తెల్లారి పత్రి ఎత్తడానికి వెళ్లినప్పుడు దుడ్డె ఎట్లా లేస్తుందో చూడండి. రాత్రంతా చలికి ముడుచుకున్న దుడ్డె వీపు గూనిగా పెట్టి లేస్తుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటాయి, అట్లాగే నిలబడిపోతుంది. వెచ్చగా పడుకున్న దుడ్డె లేవగానే ముందుకాళ్లు సాచి, వెనకకాళ్లు సాచి, తోక ఎత్తి, వీపు వంచి బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటుంది. అప్పుడు పొదుగు వైపు పరుగెత్తుతుంది.